ఇంటిల్లిపాదితో కొండ గుహలు చూడటం: టికెట్టు కొనే ముందు నుంచి బయటికొచ్చాక బూట్లు కడిగేదాకా

కొండ ప్రాంతాలకు సెలవులకు వెళ్లేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది. "దగ్గర్లో ఒక గుహ ఉందట. పిల్లలున్నారు, పెద్దవాళ్లున్నారు. వెళ్లొచ్చా?" వెళ్లొచ్చు. అయితే ఎలాంటి గుహ, ఎవరెవరు, ఎప్పుడు అన్నవి ముందే తేల్చుకోవాలి.

ఇక్కడ చెప్పేదంతా దీపాలు, నడకదారి, రెయిలింగ్, టికెట్టు ఉన్న గుహల గురించే. దారి పక్కన కనబడిన ఏదో ఒక గుహలోకి టార్చి పట్టుకుని దూరడం వేరే సంగతి. కుటుంబంతో ఆ పని చేయకండి.

గుహకు ఒక చిక్కుంది. పార్కులో పిల్లాడు మారాం చేస్తే నీడలో కూర్చోబెట్టొచ్చు, అలసిపోతే కారు దగ్గరికి తీసుకెళ్లొచ్చు. గుహలో సగం దూరం వెళ్లాక అలాంటి వీలు ఉండదు. వెనక మరో బృందం వస్తుంటుంది, గైడు ముందుకే నడిపిస్తాడు, ఫోను పనిచేయదు. అందుకే ఈ వ్యాసంలో సగానికి పైగా లోపలికి అడుగు పెట్టకముందు చేయాల్సిన పనులే ఉన్నాయి.

## 1. ముందు మీ ఇంట్లోవాళ్ల సంగతి చూడండి

గుహ ఎంత బాగుంటుందో తర్వాత చూసుకోవచ్చు. మీలో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లు ఎవరు? వాళ్లు ఆగకుండా ఎన్ని మెట్లు ఎక్కగలరు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే ఎంపిక సగం అయిపోయినట్లే.

మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఎక్కడం కంటే దిగడమే కష్టం. చాలా గుహల్లో మొదట దిగాలి, చివర్లో ఎక్కాలి. అంటే ముందు మోకాలికి పరీక్ష, అలసిపోయాక ఊపిరికి పరీక్ష. "మెట్లు ఎన్ని?" అని అడిగి ఊరుకోకుండా "ఎక్కేవి ఎన్ని, దిగేవి ఎన్ని, ఏవి ముందు?" అని అడగండి.

ఇంకొన్ని విషయాలు నిర్మొహమాటంగా మాట్లాడుకోండి:

- లిఫ్టులో, ఇరుకు గదుల్లో ఎవరికైనా ఊపిరాడనట్టు, గుండె దడగా అనిపిస్తుందా?
- ఉబ్బసం, గుండెజబ్బు, తల తిరగడం, ఈమధ్య జరిగిన ఆపరేషన్ ఏమైనా ఉన్నాయా? ఉంటే డాక్టర్ని అడిగాకే టికెట్టు.
- గర్భిణులున్నారా? తడి మెట్ల మీద జారిపడే ప్రమాదమే ఇక్కడ ముఖ్యమైన లెక్క.
- చిన్నపిల్లలు తమ కాళ్ల మీద ఎంతసేపు నడుస్తారు? ఎత్తుకోవాల్సి వస్తే ఎవరు ఎత్తుకుంటారు?
- చీకట్లో చూపు సరిగా ఆనని పెద్దవాళ్లు ఉన్నారా?

అందరూ లోపలికి రావాలన్న పట్టుదల వద్దు. ఒకళ్లిద్దరు బయట ఉండిపోవడం తప్పేమీ కాదు. వాళ్లకు కూర్చునే చోటు, నీళ్లు, మరుగుదొడ్డి దగ్గర్లో ఉండేలా చూడండి. అన్నిటికంటే ముందు, టూరు ఎక్కడ ముగుస్తుందో కనుక్కోండి. మేమొకసారి నాన్నను ప్రవేశం దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి లోపలికెళ్లాం. బయటికొచ్చే దారి కొండకు అవతలివైపు ఉందని లోపలికెళ్లాకే తెలిసింది. మేం చుట్టు తిరిగి వచ్చేసరికి ఆయన టెన్షన్ పడిపోయి, కనబడ్డ ప్రతి బృందాన్నీ మా గురించి అడుగుతున్నారు.

## 2. గుహ గురించి కనుక్కోవాల్సినవి

ఫొటోలు చూసి గుహను ఎంచుకోవద్దు. ఫొటోలో మెట్లు కనబడవు, చలి కనబడదు.

ఆస్ట్రియాలోని ఐస్‌రీజన్‌వెల్ట్ మంచుగుహనే తీసుకోండి. కొండ మీద ఉన్న ఈ గుహలో ఎక్కడానికి 700, దిగడానికి 700, మొత్తం 1400 మెట్లుంటాయి. వేసవిలో కూడా లోపల సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది. పైగా గుహ ముఖం దాకా చేరడానికే కొంత నడక, కేబుల్ కారు, మళ్లీ కొంత నడక. స్లొవేనియాలోని పోస్టోయ్నా గుహ ఇందుకు పూర్తిగా వేరు. 5 కిలోమీటర్ల టూరులో ఎక్కువ భాగం చిన్న రైలే తీసుకెళ్తుంది, నడవాల్సింది దాదాపు ఒకటిన్నర కిలోమీటరు. అమెరికాలోని కార్ల్స్‌బాడ్ గుహల్లో రెండు మార్గాలూ ఉన్నాయి. ఓపికున్నవాళ్లు సహజ ద్వారం నుంచి సుమారు 2 కిలోమీటర్లు వాలుదారిలో దిగుతారు, లేనివాళ్లు లిఫ్టులో నిమిషంలో దిగుతారు.

మూడూ గుహలే. మూడింటికీ ఒకే కుటుంబం సరిపోదు.

ఫోనులోనో వెబ్‌సైట్‌లోనో ఈ జాబితా ప్రకారం కనుక్కోండి:

- లోపల ఎంతసేపు, ఎంత దూరం?
- మెట్లు ఎక్కేవి, దిగేవి విడివిడిగా ఎన్ని? నిచ్చెనలున్నాయా?
- వంగి నడవాల్సిన చోట్లు, ఇరుకు సందులు ఉన్నాయా? ఎంత దూరం?
- గైడుతో వెళ్లాలా, సొంతంగా తిరగొచ్చా?
- మధ్యలో వెనక్కి రావాలంటే కుదురుతుందా?
- ఏడాదిలో ఏ నెలల్లో మూసేస్తారు? వాన పడితే ఆపేస్తారా?
- పిల్లలకు కనీస వయసు ఏమైనా ఉందా?
- స్ట్రోలరు, బిడ్డను మోసే సంచి అనుమతిస్తారా?
- ఫొటోలు తీయొచ్చా?
- పార్కింగ్ నుంచి గుహ ముఖం దాకా ఎంత నడవాలి, ఎంత ఎక్కాలి?

ఈ చివరి ప్రశ్నను చాలామంది మర్చిపోతారు. కొండ గుహల్లో అసలు అలసట చాలాసార్లు గుహ బయటే ఉంటుంది.

ఒకటి కంటే ఎక్కువ టూర్లు ఉంటే మొదటిసారి అన్నిటికంటే చిన్నదే తీసుకోండి. పిల్లలకు బాగా నచ్చితే పెద్దది మరుసటి రోజు చూడొచ్చు. పెద్ద టూరులో చివరి అరగంట పిల్లాడిని చంకన వేసుకుని మోసినవాళ్లు ఈ మాట ఒప్పుకుంటారు.

## 3. రోజు, సమయం

కొండలమీదకి చేరిన రోజే గుహకు వెళ్లకండి. ఘాట్ రోడ్డు మలుపులకు పిల్లలకు కడుపులో తిప్పుతుంది. ఎత్తు ఎక్కువైతే పెద్దవాళ్లకు తలనొప్పి, ఆయాసం వస్తాయి. ఒక రాత్రి నిద్రపోయాక వెళ్తే అదే మెట్లు తేలిగ్గా ఎక్కుతారు.

ఉదయం మొదటి టూరు అన్నిటికంటే మంచిది. జనం తక్కువ, గైడుకి ఓపిక ఎక్కువ, మీ పిల్లలూ తాజాగా ఉంటారు. కొండల్లో వేసవి మధ్యాహ్నాలు ఉరుములతో వానలు పడే చోట్లు చాలా ఉన్నాయి. మధ్యాహ్నానికల్లా గుహ పని ముగించుకుంటే వానలో కొండదారి నడిచే బాధ తప్పుతుంది.

చిన్నపిల్లలు రోజూ పడుకునే వేళను టూరుకి ఇవ్వొద్దు. లోపలి చల్లదనానికి, మసక వెలుతురుకి వాళ్లకు ఇంకాస్త నిద్ర ముంచుకొస్తుంది.

వాన సంగతి తేలిగ్గా తీసుకోకండి. సున్నపురాయి కొండల్లో వాననీరు పగుళ్లలోంచి నేరుగా కిందికి దిగుతుంది. ఎక్కడో పైన పడిన వానకి కింద గుహలో వాగు పొంగుతుంది. నిర్వాహకులు టూరు రద్దు చేశామంటే వాదించకుండా వెనక్కి తిరగండి. ఆ రోజు కోసం మరో కార్యక్రమం ముందే అనుకుని ఉంటే పిల్లల మొహాలు వాడిపోవు.

సమయం లెక్క ఇలా వేసుకోండి: మ్యాప్‌లో చూపించిన ప్రయాణ సమయానికి మలుపుల కోసం, ఆగడాల కోసం ఇంకో సగం కలపండి. పార్కింగ్ నుంచి నడకకు మీ ఇంట్లో నెమ్మదిగా నడిచేవాళ్ల వేగం తీసుకోండి. టూరు మొదలయ్యే వేళకు అరగంట ముందు గుహ ముఖం దగ్గర ఉండాలి. బస చేసిన చోటి నుంచి బయల్దేరే వేళ దీన్నిబట్టి తేలుతుంది.

## 4. బట్టలు, బూట్లు

గుహ లోపలి వేడి సాధారణంగా ఆ ప్రాంతపు ఏడాది సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. ఎండాకాలం, చలికాలం తేడా లోతుకి వెళ్లేకొద్దీ తెలియదు. కార్ల్స్‌బాడ్‌లో ఏడాది పొడుగునా దాదాపు 13 డిగ్రీలు, పోస్టోయ్నాలో దాదాపు 10. ఎత్తుకి వెళ్లేకొద్దీ గాలి ప్రతి 1000 మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది కాబట్టి, ఎత్తైన కొండల్లోని గుహలు మైదానం గుహల కంటే చల్లగా ఉంటాయి. ఉష్ణమండలంలో తక్కువ ఎత్తున ఉన్న గుహల్లో అయితే ఉక్కపోతతో చెమటలు పడతాయి. "గుహ అంటే చలి" అని గుడ్డిగా స్వెటర్లు మూటగట్టకుండా ఆ గుహలో ఎన్ని డిగ్రీలుంటుందో అడగండి.

ఇంకో విషయం. లోపల గాలిలో తేమ చాలా ఎక్కువ. అందుకే 12 డిగ్రీలు కూడా ఒళ్లు తడిసినవాళ్లకు బాగా చలనిపిస్తుంది. కొండెక్కి చెమటతో తడిసిన చొక్కాతో అలాగే లోపలికి వెళ్లడం అందరూ చేసే తప్పు. ఒక పొడి చొక్కా సంచిలో పెట్టుకుని గుహ ముఖం దగ్గర మార్చుకోండి. పిల్లలకైతే తప్పనిసరి.

చల్లటి గుహకు ఇలా తొడగండి:

- లోపల త్వరగా ఆరిపోయే చొక్కా, దానిమీద పలుచటి స్వెటరు, పైన తేలికపాటి జాకెట్టు. మందపాటి కోటు ఒక్కటే ఉంటే మెట్లెక్కేటప్పుడు ఉడికిపోతారు, తీస్తే వణుకుతారు.
- కాళ్లు కప్పే ప్యాంటు. చీర, లంగా లాంటివి అయితే మడమ పైకి ఉండేలా కట్టుకోవాలి. తడి మెట్ల మీద అంచు కాలికింద పడితే ప్రమాదం.
- చలిగుహకైతే పిల్లలకు టోపీ, చేతితొడుగులు. ఇనుప రెయిలింగ్ చల్లగా, తడిగా ఉంటుంది. చేతితొడుగుల్లేని పిల్లలు దాన్ని వదిలేస్తారు.

బూట్ల విషయంలో నా మాట వినండి. అడుగున గట్లు ఉన్న, మడమ బిగుతుగా పట్టే మూసిన బూట్లు తప్ప ఇంకేవీ వద్దు. జారుడు చెప్పులు, ఎత్తు మడమలు, అడుగు అరిగిపోయిన పాత బూట్లు ఇవన్నీ కారులోనే వదిలేయండి. గుహ నేల మీద నీళ్లతో పాటు సన్నటి బంకమన్ను పొర ఉంటుంది. దానిమీద నున్నటి అడుగు సబ్బు మీద పెట్టినట్టే.

## 5. సంచిలో ఏముండాలి

తక్కువ. ఒక కుటుంబానికి ఒకే చిన్న సంచి చాలు. అదీ అందరికంటే బలంగా ఉన్నవాళ్ల దగ్గర ఉండాలి. కొన్ని గుహల్లో వీపుసంచి అసలు ఒప్పుకోరు, కాబట్టి ముందే అడగండి.

- మామూలు నీళ్లు ఒక సీసా
- ఒక్కొక్కరికి చిన్న టార్చి, లేదా కనీసం ఇద్దరికి ఒకటి
- పొడి గుడ్డ, కళ్లద్దాలు తుడవడానికి
- ఉబ్బసం ఉన్నవాళ్ల ఇన్‌హేలరు, రోజూ వాడే అత్యవసర మందులు
- రెండు ప్లాస్టర్లు
- పిల్లలకు ఒక జత అదనపు సాక్సులు

దీపాలున్న గుహలో టార్చి ఎందుకంటారా? కరెంటు పోవచ్చు. అంతకంటే ఎక్కువగా, మసక చూపున్న పెద్దవాళ్లకు మెట్టు అంచు చూపించడానికి పనికొస్తుంది. ఫోను లైటును దీనికి నమ్ముకోకండి. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో పిల్లాడు అంటే రెయిలింగ్ పట్టుకోవడానికి చెయ్యి మిగలదు.

తినేవి తీసుకెళ్లొద్దు. నలుసులు రాలితే బూజు పడుతుంది, మామూలుగా గుహలో ఉండని జీవులు చేరతాయి. కార్ల్స్‌బాడ్‌లో అయితే మామూలు నీళ్లు తప్ప ఇంకేదీ లోపలికి రానివ్వరు.

బిడ్డను మోసే పద్ధతి. స్ట్రోలరు మెట్ల గుహల్లో పనికిరాదు. వీపున మోసే ఫ్రేము సంచి కూడా చాలా చోట్ల నిషేధం. కారణం తేలిక: మీరు తల వంచి దూరినప్పుడు మీ వీపు మీద ఉన్న బిడ్డ తల మీకంటే పైన ఉంటుంది. రాయి ముందు దానికే తగులుతుంది. గుడ్డతో గుండెకు కట్టుకునే సంచి మేలు. అయితే అప్పుడు మీ పాదాలు మీకు కనబడవు. మీ ముందు ఇంకొక పెద్దవాళ్లు నడుస్తూ "మెట్టు, తడి, వంగు" అని చెబుతూ ఉండాలి.

## 6. ముందురోజు రాత్రి పిల్లలతో

పిల్లల భయం చాలావరకు తెలియనితనం నుంచే పుడుతుంది. రాత్రి పది నిమిషాలు కేటాయించండి. రేపు ఏం జరుగుతుందో వరసగా చెప్పండి: చల్లగా ఉంటుంది, నీటిచుక్కలు తలమీద పడతాయి, మాటలు ప్రతిధ్వనిస్తాయి, ఒకచోట దీపాలన్నీ కాసేపు ఆర్పేస్తారు, గబ్బిలాలు కనబడొచ్చు, అవి మన జోలికి రావు.

తర్వాత గదిలో లైట్లు ఆర్పి అందరూ చేతులు పట్టుకుని ముప్పై అంకెలు లెక్కపెట్టండి. ఇంత చిన్న పని మర్నాడు బాగా పనికొస్తుంది. ఈ సాధన లేకుండా తీసుకెళ్లినప్పుడు మా చిన్నది దీపాలు ఆరగానే పెట్టిన కేకకు బృందం మొత్తం ఉలిక్కిపడింది. గుహలో కేక ఒక్కసారి వినబడి ఆగదు మరి.

మూడు ఒప్పందాలు చేసుకోండి. ఎవరి చెయ్యి వదలకూడదో చెప్పండి. పరుగెత్తకూడదు. రాళ్లను ముట్టుకోకూడదు. ఇంతకు మించి నియమాలు పెడితే ఒక్కటీ గుర్తుండదు.

స్టాలక్టైట్, స్టాలగ్మైట్ అనే మాటలు కూడా అప్పుడే చెప్పేయండి. పైకప్పు నుంచి వేలాడేది స్టాలక్టైట్, నేల నుంచి లేచేది స్టాలగ్మైట్, రెండూ కలిసిపోతే స్తంభం. మర్నాడు లోపల "ఇది ఏది?" అని అడుగుతూ నడిస్తే మారాం చేయడానికి తీరిక దొరకదు.

## 7. గుహ ముఖం దగ్గర అరగంట

ఇక్కడ పనుల వరస ముఖ్యం. తొందరపడి ఏదీ దాటేయొద్దు.

1. ముందు అందరూ మరుగుదొడ్డికి వెళ్లాలి. "నాకు రావట్లేదు" అన్నవాళ్లు కూడా. లోపల చల్లదనానికి, కారే నీటి చప్పుడుకి పది నిమిషాల్లో వస్తుంది.
2. చిరుతిండి తిని, చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించాలి.
3. చెమట పట్టిన చొక్కాలు మార్చుకోవాలి.
4. బూట్ల లేసులు రెండుసార్లు ముడేయాలి.
5. ఎండ కళ్లద్దాలు తీసేసి నీడలో నిలబడాలి. ఎండలోంచి నేరుగా వెళ్తే మొదటి మెట్లు కనబడవు. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది.
6. మోకాళ్ల నొప్పి, ఇరుకంటే భయం లాంటివి ఉంటే గైడుతో ఇప్పుడే చెప్పాలి. ఆయన ముందే తెలిస్తే మిమ్మల్ని తగిన చోట నిలబెడతాడు.
7. బయట ఉండేవాళ్లతో ఎక్కడ, ఎన్ని గంటలకు కలవాలో అనుకోవాలి.

కొన్ని గుహల ముఖం దగ్గర నిలబడితే వేసవిలో చల్లటి గాలి మొహాన కొడుతుంది. పైన ఒకటి, కింద ఒకటి ద్వారాలున్న కొండ గుహలో లోపలి చల్లటి బరువైన గాలి కిందికి జారి కింది ద్వారం నుంచి బయటికొస్తుంది. చలికాలంలో ఇది తిరగబడుతుంది. పిల్లలకు దీన్ని "గుహ ఊపిరి" అని చూపించండి. స్వెటరు వేసుకోమని ఆ తర్వాత బతిమాలక్కర్లేదు.

## 8. లోపల నడక

వరస ఇలా పెట్టుకోండి: ముందు ఒక పెద్దవాళ్లు, వాళ్ల వెనక పిల్లలు, చివర్లో ఇంకొక పెద్దవాళ్లు. పిల్లలు ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ల మధ్య ఉండాలి. దిగేటప్పుడు మీరు పిల్లల కంటే కింది మెట్టు మీద, ఎక్కేటప్పుడు పైమెట్టు మీద కాకుండా వాళ్ల వెనక ఉండండి. జారితే ఆపగలిగేది కింద ఉన్నవాళ్లే.

బృందంలో మొత్తంగా ముందు భాగంలో ఉండటానికి ప్రయత్నించండి. చివర్లో ఉన్నవాళ్లు గైడు మాటలు వినలేరు, పైగా అందుకోవడానికి పరుగెత్తాల్సి వస్తుంది. నెమ్మదిగా నడిచే పెద్దవాళ్లు ముందుంటే బృందమే వాళ్ల వేగానికి తగ్గుతుంది. మర్యాదకోసం వెనక్కి జరిగి ఇబ్బంది పడకండి.

నడుస్తూ చూడొద్దు, చూస్తూ నడవొద్దు. ఆగండి, తలెత్తి చూడండి, తల దించి నడవండి. పైకప్పు అందాలు చూస్తూ మెట్టు తప్పినవాళ్లు ప్రతి గుహలోనూ ఉంటారు.

కప్పు తక్కువ ఎత్తులో ఉన్న చోట మొదట దాటినవాళ్లు వెనక్కి తిరిగి చెప్పాలి. వంగినవాళ్లు తొందరగా నిటారుగా లేవకూడదు. దెబ్బలు తగిలేది వంగేటప్పుడు కాదు, అయిపోయిందనుకుని లేచేటప్పుడే.

దీపాలు ఆర్పే ఘట్టం. చాలా టూర్లలో గైడు ఒకచోట ఆపి దీపాలన్నీ తీసేస్తాడు. అప్పటికే పిల్లల చేతులు పట్టుకుని ఉండండి, కూర్చునే వీలుంటే కూర్చోండి. మెరిసే బూట్లు, వెలిగే గడియారాలు ముందే కప్పేయాలి. అక్కడ వెలుతురు అసలు ఉండదు కాబట్టి ఎంతసేపున్నా కళ్లు అలవాటు పడవు. పిల్లల్ని మొహం ముందు చెయ్యి ఆడించమనండి. తమ చెయ్యి కదులుతున్నట్టు కనబడిందని కొందరు ఒట్టేసి చెబుతారు. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు, చెయ్యి ఎక్కడుందో తెలిసిన మెదడు వేసుకున్న బొమ్మ అది. భయపడాల్సిన నిమిషం కాస్తా ఆట అయిపోతుంది.

## 9. ఎందుకు ముట్టుకోకూడదో పిల్లలకు ఇలా చెప్పండి

"తాకొద్దు" అంటే పిల్లలు తాకుతారు. కారణం చెబితే చాలామంది ఆగుతారు.

వాననీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని కాస్త ఆమ్లంగా మారుతుంది, సున్నపురాయిని కరిగించుకుంటూ గుహలోకి చుక్కగా దిగుతుంది. అక్కడ ఆ వాయువు గాలిలోకి పోగానే చుక్కలో మిగిలిన సున్నపు పదార్థం రాయికి అంటుకుంటుంది. ఈ పెరుగుదల చాలా చోట్ల ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే. అంటే పిల్లాడి చిటికెనవేలంత పొడవు రావడానికి కొన్ని వందల ఏళ్లు. మన చేతికున్న నూనె అంటితే నీరు రాయిమీద సరిగా పారదు, అక్కడ మరకపడి పెరుగుదల దెబ్బతింటుంది.

నీటిగుంటల్లో నాణేలు వేయడం కూడా ఆపండి. లోహం తుప్పుపట్టి నీటి రంగు మారుస్తుంది, అందులోని జీవులకు హాని చేస్తుంది.

మన శ్వాస, ఒంటివేడి, దీపాలు కూడా గుహను మారుస్తాయి. ఫ్రాన్స్‌లోని లాస్కో గుహను 1948లో జనానికి తెరిచారు. సందర్శకుల ఊపిరి వల్ల, దీపాల వల్ల ఆదిమానవుల చిత్రాలు పాడవుతుండటంతో 1963లో మూసేశారు. దీపాల చుట్టూ ఆకుపచ్చగా నాచు పెరిగి కనబడితే పిల్లలకు చూపించండి. చీకట్లో పెరగకూడని మొక్క అది, మన వెలుతురే దాన్ని పెంచింది.

## 10. ఫొటోలు

కొన్ని గుహల్లో ఫొటోలు పూర్తిగా నిషేధం. ఐస్‌రీజన్‌వెల్ట్ వాటిలో ఒకటి, న్యూజిలాండ్‌లోని వైటోమో మిణుగురు పురుగుల గుహ మరొకటి. అనుమతి ఉన్నచోట కూడా ఫ్లాష్ ఆపేయండి. దగ్గరి రాయి తెల్లగా, వెనకదంతా నల్లగా వస్తుంది, తేమలో తేలే చుక్కలన్నీ తెల్లటి మచ్చలుగా పడతాయి.

చల్లటి హోటల్ గదిలోంచి లేదా ఏసీ కారులోంచి తీసిన కెమెరాను వెచ్చటి తేమ గుహలోకి తీసుకెళ్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది. ముందే బయట సంచిలో కొంతసేపు ఉంచండి. చల్లటి గుహలోంచి బయటి ఉక్కలోకి వచ్చేటప్పుడూ అంతే.

రాతి స్తంభం ఎంత పెద్దదో తెలియాలంటే పక్కన మనిషి ఉండాలి. రెయిలింగ్ దాటకుండా మీ వాళ్లనే దారిమీద నిలబెట్టి ఒక్కటి తీసి ముందుకు కదలండి. వెనక ముప్పైమంది ఆగి ఉంటారు.

## 11. తరచూ జరిగే పొరపాట్లు, అక్కడికక్కడే చేయగలిగినవి

పిల్లాడు సగంలో "ఎత్తుకో" అంటాడు. వెంటనే ఎత్తుకోకండి. పక్కకు ఆగి ఒక గుక్క నీళ్లిచ్చి, తర్వాతి దీపం దాకా ఎన్ని అడుగులో లెక్కపెట్టమనండి. నిజంగా అలసిపోతే ఎత్తుకోండి, అప్పుడు సంచి ఇంకొకరికి ఇచ్చేయండి. ఒకే మనిషి రెండూ మోయకూడదు.

ఎవరికైనా ఊపిరాడనట్టు భయం పట్టుకుంది. ఇరుకు చోట నిలబెట్టొద్దు, దగ్గర్లోని పెద్ద గదిలాంటి చోటికి నడిపించండి. పైకప్పు ఎత్తుగా ఉన్నవైపు చూడమనండి. ముక్కుతో పీల్చి, నోటితో నెమ్మదిగా వదలమనండి. గైడుకి చెప్పండి, బయటికి పంపే మార్గం వాళ్ల దగ్గర ఉంటుంది. "ఏం కాదులే" అని తోసుకెళ్తే భయం ఎక్కువవుతుంది.

కళ్లద్దాలు మసకబారాయి. ఆగి తుడవండి, నడుస్తూ తుడవొద్దు. మాస్కు పెట్టుకునేవాళ్లకు ఇది ఎక్కువ.

జారిపడ్డారు. లేపడానికి తొందరపడకండి. ఎక్కడ నొప్పో అడిగి, కాలు కదులుతుందో చూసి, గైడు వచ్చాక లేపండి. రెండోసారి జారేది తొందరగా లేచేటప్పుడే.

తలనొప్పి, వికారం, ఆయాసం మొదలైంది. గాలి ఆడని గుహల్లో కార్బన్ డయాక్సైడు పేరుకుంటుంది. ఒక్కరికే అయినా తేలిగ్గా తీసుకోకుండా గైడుకి చెప్పి బయటికి వచ్చేయండి.

కరెంటు పోయింది. ఉన్నచోటే నిలబడండి. పిల్లల పేర్లు పిలిచి, పలికాక టార్చి వెలిగించండి. గైడు కదలమనేదాకా అడుగు తీయొద్దు.

బృందం నుంచి విడిపోయారు. సొంతంగా తిరిగే గుహలో ఇది జరుగుతుంది. పిల్లలకు ముందే చెప్పి ఉంచాల్సింది: వెతుక్కుంటూ తిరగొద్దు, దీపం కింద రెయిలింగ్ పట్టుకుని నిలబడు, మేమే వస్తాం.

## 12. బయటికొచ్చాక

చివరి మెట్ల దగ్గర తొందర పెరుగుతుంది, వెలుతురు చూడగానే పిల్లలు చెయ్యి విడిపించుకుంటారు. ద్వారం దగ్గరి మెట్లు తడిగా, కళ్లు చెదిరే ఎండలో ఉంటాయి. అక్కడ ఒక్క నిమిషం నీడలో ఆగి, ఆ తర్వాత అడుగు వేయండి.

తర్వాత చేయాల్సినవి:

- తడి సాక్సులు, చొక్కాలు మార్చడం
- కాస్త ఏదైనా తినడం, నీళ్లు తాగడం
- ఘాట్ రోడ్డు దిగేముందు డ్రైవింగ్ చేసేవాళ్లకు విశ్రాంతి
- బూట్ల అడుగు మట్టి అక్కడే రాల్చేయడం

ఈ చివరిది శుభ్రత కోసం మాత్రమే చెప్పలేదు. అదే సెలవుల్లో రెండో గుహకు కూడా వెళ్లాలనుకుంటే బూట్లు, బట్టలు అలాగే వేసుకుని వెళ్లకండి. గబ్బిలాల ముక్కు మీద తెల్లటి బూజులా పెరిగే శిలీంధ్ర వ్యాధి ఒకటుంది. 2006లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక గుహలో మొదట బయటపడింది. ఆ తర్వాత ఉత్తర అమెరికాలో లక్షల కొద్దీ గబ్బిలాలు దానివల్ల చచ్చిపోయాయి. మనుషులకు అది సోకదు. కానీ దాని బీజాలు మన బూట్లకు, బట్టలకు అంటుకుని ఒక గుహ నుంచి ఇంకో గుహకు చేరతాయి. అందుకే అమెరికాలోని మామత్ గుహలో టూరు అయ్యాక అందరినీ సబ్బునీటి చాప మీదుగా నడిపిస్తారు. మిమ్మల్ని "ఈ బూట్లతో ఇంతకుముందు వేరే గుహకు వెళ్లారా?" అని ఎవరైనా అడిగితే నిజమే చెప్పండి. బస దగ్గర బూట్ల అడుగు బ్రష్షుతో రుద్ది కడిగి, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఆరేయండి. కుదిరితే రెండో గుహకు వేరే జత వాడండి.

ఇక మోకాళ్ల సంగతి. దిగిన మెట్ల నొప్పి అదే రోజు తెలియదు, మర్నాడో మూడోనాడో తొడల్లో పట్టేస్తుంది. కాబట్టి గుహ చూసిన మర్నాడు ట్రెక్కింగ్ పెట్టుకోకండి.